చిన్న బడి, పెద్ద పోటీ: ఆట కోసం ప్రైవేటు స్కూలుకు మారాలా?

ప్రశ్న: మేము అమెరికాలోని ఓహైయో రాష్ట్రంలో, పడమటి వైపు ఒక చిన్న ఊరిలో ఉంటున్నాము. మా అమ్మాయి ఊరి పబ్లిక్ స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. వాలీబాల్ జట్టులో లిబరోగా (వెనక వరసలో బంతిని అందుకునే ఆటగత్తెగా) ఆడుతుంది. ఈసారి వాళ్ల జట్టు డిస్ట్రిక్ట్ ఫైనల్ దాకా వెళ్లి, నలభై మైళ్ల అవతల ఉన్న ఒక క్యాథలిక్ స్కూలు చేతిలో వరుసగా మూడు సెట్లు ఓడిపోయింది. లెక్క ప్రకారం ఆ స్కూలు కూడా మాదంత చిన్నదే. కాని దానికి పిల్లలు నాలుగైదు ఊళ్ల నుంచి వస్తారు. ఇది న్యాయమేనా? వచ్చే ఏడాది తనను ఆ స్కూల్లోనే చేర్చమని అమ్మాయి పట్టుబడుతోంది. ఫీజు ఏటా పన్నెండు వేల డాలర్లు. అక్కడ చేరితే కాలేజీ స్కాలర్‌షిప్‌కు ఏమైనా ఉపయోగం ఉంటుందా? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. పోటీ న్యాయంగా ఉందా అన్నది ఒకటి, మీ అమ్మాయి స్కూలు మారాలా అన్నది రెండోది. మొదటిదానికి అన్యాయమని జవాబు వస్తే రెండోదానికి మారాలనే జవాబు దానంతటదే వస్తుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అలా రాదని చెప్పడానికే ఈ జవాబు కొంచెం పొడవుగా రాస్తున్నాను.

ముందు న్యాయం సంగతి. మన దగ్గర స్కూల్ గేమ్స్‌లో పోటీలు అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని వయసును బట్టి జరుగుతాయి. బడిలో ఎంతమంది పిల్లలున్నారన్నది ఎవరూ అడగరు. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఒక హైస్కూల్ క్రీడా సంఘం ఉంటుంది, అది ఎక్కువ ఆటల్లో స్కూళ్లను విద్యార్థుల సంఖ్యను బట్టి డివిజన్లుగా విడగొడుతుంది. రెండు వేల మంది ఉన్న స్కూలు నుంచి ఆరుగురు మంచి ఆటగాళ్లను ఏరడం, వంద మంది ఉన్న స్కూలు నుంచి ఏరడం ఒకటి కాదు కాబట్టి ఈ పద్ధతి సబబుగానే కనిపిస్తుంది. చిక్కు ఎక్కడంటే, పబ్లిక్ స్కూలుకు సాధారణంగా ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దులో కాపురం ఉన్నవాళ్ల పిల్లలే అందులో చదువుతారు. ప్రైవేటు స్కూలుకు ఆ హద్దు లేదు. కాగితం మీద రెండు చోట్లా వంద మంది అమ్మాయిలే ఉండవచ్చు. ఒక చోట ఆ వంద మంది ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు, రెండో చోట నాలుగు కౌంటీల నుంచి ఏరికోరి వచ్చినవాళ్లు. పైగా ప్రైవేటు స్కూలు ఎవరిని చేర్చుకోవాలో తానే నిర్ణయించుకుంటుంది, ఫీజు కట్టలేని పిల్లలకు సహాయం కూడా ఇవ్వగలదు. మీ కోపానికి మూలం ఇదే, అది నిష్కారణమైన కోపం కాదు.

ఓహైయోలో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్. ఏక్రన్ నగరంలో పెరిగిన ఆ కుర్రవాడు పబ్లిక్ స్కూలైన బుక్టెల్‌లో చేరతాడని అందరూ అనుకుంటూ ఉండగా, స్నేహితులతో కలిసి సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీ అనే క్యాథలిక్ స్కూల్లో చేరాడు. ఆ స్కూలు 2000లోనూ 2001లోనూ డివిజన్ 3లో (అంకె తగ్గేకొద్దీ పెద్ద స్కూళ్లు), పై డివిజన్‌కు వెళ్లాక 2003లో డివిజన్ 2లో రాష్ట్ర ఛాంపియన్ అయింది. ఆ కుర్రవాడు తప్పు చేశాడని ఎవరూ అనలేరు. అయితే అతని ఎదుట నిలబడిన చిన్న ఊళ్ల స్కూళ్ల పిల్లలకు అలా ఎంచుకునే వీలు లేదన్నదీ నిజమే.

ఇక్కడ మీకు రుచించని మాట ఒకటి చెప్పాలి. మీ వైపే, మెర్సర్ కౌంటీలో మరియన్ లోకల్ అనే పబ్లిక్ స్కూలు ఉంది. చుట్టూ మొక్కజొన్న పొలాలు, అతి చిన్న ఊళ్లు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ స్కూలు 2024 నాటికి 15 రాష్ట్ర టైటిళ్లు గెలిచింది. బడికి హద్దులున్నాయి, బయటి నుంచి ఏరి తెచ్చుకున్నదీ లేదు. ఉన్నదల్లా ఏళ్ల తరబడి మారని కోచింగూ, చిన్నప్పటి నుంచి కలిసి ఆడిన పిల్లలూ. దాని చేతిలో ఓడిన చిన్న ప్రైవేటు స్కూళ్లూ ఉన్నాయి. కాబట్టి ‘ప్రైవేటు స్కూళ్లు పోతే చిన్న స్కూళ్లు గెలుస్తాయి’ అనే లెక్క సగమే నిజం.

దీన్ని రాష్ట్రాలు ఒక్కొక్కటీ ఒక్కో రకంగా సరిచేయాలని చూశాయి. టెక్సాస్‌లో పబ్లిక్ స్కూళ్ల సంఘం వేరు, ప్రైవేటు స్కూళ్లలో ఎక్కువ భాగం తమ సొంత సంఘంలో ఆడతాయి. టెనెసీలో ఆర్థిక సహాయం ఇచ్చే ప్రైవేటు స్కూళ్లను 1997 నుంచి వేరే డివిజన్‌లో పెట్టారు. ఆ రాష్ట్రంలోనే ఒక ప్రైవేటు స్కూలు కోచ్ ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రాక్టీసుకు రమ్మని ఉత్తరాలు రాయడంతో సంఘం ఆ స్కూలుకు శిక్ష వేసింది. ఆ వివాదం ఏకంగా అమెరికా సుప్రీంకోర్టుకు రెండుసార్లు వెళ్లి, చివరకు 2007లో సంఘం పక్షాన తీర్పు వచ్చింది. ఒక ఉత్తరం కోసం పదేళ్ల కోర్టు ఖర్చు! ఇల్లినాయిలో హద్దులు లేని స్కూళ్ల విద్యార్థుల సంఖ్యను 1.65తో హెచ్చించే పద్ధతి 2005లో వచ్చింది. ఇండియానాలో స్కూలు ఏ రకమైనదని చూడకుండా, వరుసగా గెలిచే జట్టును పై తరగతికి పంపుతారు. నన్నడిగితే ఈ చివరిదే అన్నిటికన్నా మెరుగు. అది ప్రైవేటు పేరు చూసి శిక్షించదు, గెలుపును చూసి పోటీ పెంచుతుంది. మరియన్ లోకల్ లాంటి పబ్లిక్ స్కూలుకూ వర్తిస్తుంది.

మీ రాష్ట్రం వేరే దారి పట్టింది. ఓహైయోలో ఈ విషయం మీద పెట్టిన ప్రతిపాదన స్కూళ్ల ప్రిన్సిపాళ్ల ఓటింగులో 2011, 2012, 2013లలో మూడుసార్లు ఓడిపోయి, 2014లో నెగ్గింది. 2017-18 నుంచి అమలైంది. దాని ప్రకారం వాలీబాల్, ఫుట్‌బాల్, సాకర్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ జట్లలో ఉన్న ఒక్కొక్కరూ ఎక్కడి నుంచి వచ్చారో చూస్తారు. పబ్లిక్ స్కూలైతే తల్లిదండ్రులు హద్దులో ఉంటున్నారా అని, ప్రైవేటు స్కూలైతే ఆ పిల్ల అంతకుముందు దాని అనుబంధ బడుల్లోనే చదివిందా అని చూసి, బయటి నుంచి వచ్చినవాళ్లకు ఆటను బట్టి ఒక గుణకం వేసి స్కూలు సంఖ్యకు కలుపుతారు. అంకెలతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక స్కూల్లో అమ్మాయిలు 90 మంది అనుకోండి, జట్టులో బయటివాళ్లు ఎనిమిది మంది, గుణకం అయిదు అనుకోండి. నలభై చేరి ఆ 90 కాస్తా 130 అవుతుంది. డివిజన్ గీత 110 దగ్గర ఉంటే ఆ స్కూలు పైకి పోతుంది, 140 దగ్గర ఉంటే ఉన్నచోటే ఉంటుంది. మీవాళ్లను ఓడించిన స్కూలు ఈ హెచ్చవేత తరవాత కూడా మీ డివిజన్‌లోనే మిగిలిందన్నమాట. నిబంధన ఉల్లంఘించి గెలవలేదు, నిబంధన ఆపలేని చోట గెలిచింది.

దీన్ని మార్చాలని మీకుంటే దానికీ దారి ఉంది. మీ రాష్ట్రంలో సంఘం నిబంధనలు మారేది సభ్య స్కూళ్ల ప్రిన్సిపాళ్ల ఓటుతో, ప్రతి ఏటా మే నెల మొదటి పదిహేను రోజుల్లో. కాబట్టి జిమ్ మెట్ల మీద అంపైరును తిట్టుకోవడం కన్నా, చలికాలంలోనే మీ ప్రిన్సిపాల్ గారిని కలిసి, ఇండియానా పద్ధతి గురించి ఒక పేజీ రాసి ఇవ్వడం మేలు.

ఇక మీ అమ్మాయి విషయానికి వద్దాం. ఆమె ఇప్పటికే తొమ్మిదో తరగతిలో ఒక స్కూలు తరఫున ఆడింది. ఓహైయోలో ఆ తరవాత స్కూలు మారిన పిల్లకు, మినహాయింపులేవీ వర్తించకపోతే, తాను గత పన్నెండు నెలల్లో ఆడిన ఆటలో సీజన్ మొదటి సగం వరకే ఆడే అర్హత ఉంటుంది. రెండో సగమూ, ఆపైన టోర్నమెంటూ ఆడకూడదు. అంటే ఏ టోర్నమెంట్ గెలవాలని పన్నెండు వేల డాలర్లు కట్టి స్కూలు మారుస్తున్నారో, పదో తరగతిలో ఆ టోర్నమెంట్ జరుగుతుంటే ఆమె బెంచీ చివర జట్టు జాకెట్ వేసుకుని కూర్చుంటుంది. మీరు ఆ ఊరికి కాపురం మారిస్తే కొన్ని సందర్భాల్లో మినహాయింపు వస్తుంది. ఆట కోసం ఇల్లు మార్చమని నేను మాత్రం చెప్పలేను.

ఆ పైన జట్టులో చోటు. మీవాళ్లను మూడు సెట్లలో ఓడించిన జట్టంటే అందులో లిబరో ఇప్పటికే ఉందని అర్థం. లిబరో చొక్కా కోర్టు మీద ఒక్కరికే. మీ స్కూల్లో ఆమె తొమ్మిదిలోనే ఫైనల్ ఆడింది. అక్కడ పదిలో సగం సీజన్ జూనియర్ వర్సిటీలో (స్కూలు రెండో జట్టులో) పోయి, పదకొండులో పోటీ పడి, పన్నెండులో చోటు దొరికితే దొరికినట్టు. బంతి తాకిన పిల్లే నేర్చుకుంటుంది కదా.

కాలేజీ స్కాలర్‌షిప్ దగ్గరకు వస్తే, స్కూలు ట్రోఫీల గది అక్కడ దాదాపు లెక్కలోకి రాదు. వాలీబాల్‌లో కాలేజీ కోచ్‌లు ఎక్కువగా చూసేది స్కూలు సీజన్‌ను కాదు, దాని తరవాత చలికాలం నుంచి వేసవి దాకా స్కూళ్లతో సంబంధం లేకుండా నడిచే క్లబ్ టోర్నమెంట్లను. అక్కడ ఒకే హాల్లో పదుల కోర్టులుంటాయి, కోచ్ పక్కన నిలబడి పావుగంట చూసి తరవాతి కోర్టుకు వెళ్లిపోతాడు. మీ అమ్మాయిలో అతను చూసేది సర్వ్ అందుకున్నప్పుడు బంతి సెట్టరు చేతికి ఎంత చక్కగా చేరిందన్నదే. ఆమె జెర్సీ మీద ఏ హైస్కూలు పేరూ ఉండదు, క్లబ్ పేరే ఉంటుంది. ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల జాతీయ సంఘం, దాని డివిజన్లు హైస్కూలు డివిజన్ల కన్నా వేరు) డివిజన్ 1 వాలీబాల్ కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టగలిగేది పదో తరగతి పూర్తయ్యాక, జూన్ 15 నుంచి. ఆ తేదీకల్లా రెండు మూడు నిమిషాల వీడియో, మార్కుల పట్టిక సిద్ధంగా ఉండాలి. చదువు వైపు కూడా గీత ఉంది: డివిజన్ 1కు హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటి ప్రధాన పాఠాలు), వాటిలో 4కు కనీసం 2.3 జీపీఏ, అంటే సగటు గ్రేడు. చదువులో ముందుండే మన పిల్లలకు ఈ అంకె చిన్నదే కావచ్చు, కాని ఏ కోర్సు కోర్‌గా లెక్కకు వస్తుందో ముందే చూసుకోక ఇబ్బందిపడ్డ కుటుంబాలు నా దగ్గరకు వచ్చాయి.

హైస్కూల్లో ఆడేవాళ్లలో కాలేజీ క్రీడా స్కాలర్‌షిప్ దొరికేది సుమారు నూటికి ఇద్దరికని ఎన్‌సీఏఏ చెప్పే లెక్క. ఎన్‌సీఏఏ డివిజన్ 3 కాలేజీలు క్రీడా స్కాలర్‌షిప్ అసలు ఇవ్వవు. అయినా మీ అమ్మాయికి అక్కడే మంచి దారి కనిపిస్తోంది నాకు. ఓహైయోలో అలాంటి కాలేజీలు చాలా ఉన్నాయి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని విట్టెన్‌బర్గ్ 2011లో డివిజన్ 3 వాలీబాల్‌లో జాతీయ ఛాంపియన్. ఏడా పట్టణంలోని ఓహైయో నార్తర్న్‌లో ఫార్మసీ, ఇంజనీరింగ్ రెండూ ఉన్నాయి. ఆటకు డబ్బు ఇవ్వకపోయినా, మార్కులను బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఇలాంటి కాలేజీల్లో ఉంటాయి. మన వైపు ఎంసెట్‌లో స్పోర్ట్స్ కోటా గుర్తుపెట్టుకున్న తల్లిదండ్రులు అమెరికాలోనూ ఆట ఒక సీటు టికెట్ అనుకుంటారు. అక్కడ చాలామంది పిల్లల విషయంలో సీటు తెచ్చేది చదువు, జట్టులో చోటు తెచ్చేది ఆట.

ఫీజు గురించి రెండు మాటలు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో ఎడ్‌ఛాయిస్ వోచర్‌ను (ప్రైవేటు స్కూలు ఫీజుకు ప్రభుత్వం ఇచ్చే సొమ్మును) అన్ని ఆదాయాల కుటుంబాలకూ విస్తరించింది. ఆదాయం పేదరిక రేఖకు 450 శాతం దాటితే ఆ సొమ్ము తగ్గుతూ పోతుంది. 2025 జూన్‌లో ఒక కౌంటీ న్యాయమూర్తి ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు, అయితే అప్పీలు తేలేదాకా పథకం నడిచేలా ఆ తీర్పు అమలును నిలిపి ఉంచారు. మూడేళ్ల ఫీజును ఈ డబ్బు మీద ఆధారపడి లెక్కవేయవద్దు. మూడేళ్లకు ముప్పై ఆరు వేల డాలర్లలో కొంత భాగంతో మంచి క్లబ్‌లో చేర్చి, ప్రయాణాల ఖర్చు కూడా చూసుకోవచ్చు.

ఆ స్కూల్లో మీకు నచ్చిన చదువో, చిన్న తరగతులో, అమ్మాయికి అక్కడ దొరికిన స్నేహితులో ఉంటే అది వేరే సంగతి, అప్పుడు ఫీజు గురించి మళ్లీ మాట్లాడుకుందాం. అప్పుడైనా, కాగితాల మీద సంతకం పెట్టే ముందు రెండు స్కూళ్లలో ఆటల బాధ్యత చూసే అథ్లెటిక్ డైరెక్టర్లనూ ఒకే ప్రశ్న అడగండి: మా అమ్మాయి పదో తరగతిలో ఎన్ని మ్యాచ్‌లు ఆడగలదు, టోర్నమెంట్ ఆడగలదా అని. జవాబు మెయిల్‌లో రాసి ఇమ్మనండి. ఆ మెయిల్ అమ్మాయికి చూపించి, వారం రోజులు ఆగి, తన నిర్ణయం మళ్లీ అడగండి.