స్విచ్ 2 కొనొచ్చు, కానీ ముందు కార్డు బాకీ సంగతి చూడండి

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. ఇంట్లో 2019లో కొన్న నింటెండో స్విచ్ వీడియో గేమ్ మెషీన్ ఉంది. ఇప్పుడు స్విచ్ 2 కావాలని బాబు ఒకటే పోరు. క్రెడిట్ కార్డు మీద 3,200 డాలర్ల బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. ఇంటి ఖర్చులు, ఇండియాకు పంపేవి పోగా నెలకు 450 డాలర్లు మిగులుతాయి. వడ్డీ లేకుండా నాలుగు వాయిదాల్లో ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా, రేటు తగ్గేదాకా ఆగమంటారా?

జవాబు: రేటు తగ్గుతుందని మాత్రం ఆగకండి. ఫోన్లకూ టీవీలకూ కొత్త మోడల్ రాగానే పాతది దిగొస్తుంది కదా, నింటెండో దగ్గర ఆ లెక్క నడవదు. 2017 మార్చిలో 300 డాలర్లకు వచ్చిన స్విచ్‌ను, 2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చాక, ఆగస్టులో అమెరికాలో 340 చేశారు. ఎనిమిదేళ్ల పాత సరుకుకు రేటు పెంచారండీ!

మీరు ఆగాల్సింది కార్డు కోసం. 3,200 మీద 24 శాతం అంటే నెలకు 64 డాలర్లు వడ్డీకే పోతున్నాయి. పైగా పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా ఏం కొన్నా, మామూలుగా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

వాయిదాల్లో వడ్డీ లేదన్న మాట నిజమే. మారియో కార్ట్ వరల్డ్ అనే ఆటతో కలిపి ఇచ్చిన ప్యాక్ విడుదలప్పుడు 500 డాలర్లు. మీ వైపు 8.25 శాతం సేల్స్ టాక్స్ కలిపితే 541. ఇలాంటి స్కీముల్లో మొదటి వాయిదా కొన్న రోజే, మిగతావి సాధారణంగా రెండు వారాలకోసారి. అంటే ఆరు వారాల్లో మీకు మిగిలేదాంట్లో చాలామటుకు దీనికే సరి, కార్డుకు కట్టడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఆ వాయిదాలను అదే క్రెడిట్ కార్డుకు లింక్ చేశారో, వడ్డీ లేని సరుకు కాస్తా 24 శాతంలోకి వెళ్లిపోతుంది. చాలామంది దొరికిపోయేది అక్కడే.

నేనైతే నెలకు 400 కార్డుకు, 50 పక్కన పెట్టమంటాను. ఈలోపు కార్డు గీకకుండా ఉంటే తొమ్మిది నెలల్లో బాకీ తీరిపోతుంది. పక్కన పెట్టింది 450 అవుతుంది. ఆట లేకుండా ఒట్టి స్విచ్ 2 విడుదల ధర కూడా అంతే. టాక్స్‌కు ఇంకో 37 కావాలి, దానికి బాబు పుట్టినరోజుకు వచ్చే డబ్బులు చాలు. మధ్యలో టాక్స్ రీఫండ్ వస్తే అది కూడా కార్డుకే వేయండి, ఇంకా ముందే కొనుక్కోవచ్చు. బాబుకు "మన దగ్గర డబ్బుల్లేవు" అని చెప్పకండి. ఎప్పుడు కొంటున్నారో నెల పేరుతో సహా చెప్పండి. పిల్లలు తారీఖు ఉంటే ఆగుతారు, "చూద్దాంలే" అంటేనే రోజూ అడుగుతారు.

మీరు అడగని ఖర్చు ఇంకోటుంది, ఆటలు. మారియో కార్ట్ వరల్డ్ విడిగా 80, డాంకీ కాంగ్ బనాంజా 70. ఏడాదికి మూడు కొన్నా, ఆన్‌లైన్ మెంబర్‌షిప్‌తో కలిపి రెండేళ్లకు మెషీన్ ధరంత అవుతుంది. కొనేముందే ఏడాదికి ఎన్ని ఆటలో ఇంట్లో అనుకోండి. మీ పాత ఆటలు చాలావరకు కొత్తదాంట్లోనూ ఆడతాయి. పాత జాయ్-కాన్‌లు, అంటే చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్లు, దీనికి తగిలించుకోవడానికి కుదరదు గానీ, వైర్‌లెస్‌గా పనిచేస్తాయి. కాబట్టి ఇద్దరు ఆడతారని 95 పెట్టి ఇంకో జత కొనక్కర్లేదు. పాత మెమరీ కార్డులో ఆటలు నడవవు, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి. అయితే లోపలే 256 జీబీ ఉంది, అది నిండాక చూసుకోవచ్చు.

పాత స్విచ్ అమ్మకండి, పాపకు ఇవ్వండి. డౌన్‌లోడ్ చేసిన పాత ఆటలను నింటెండో అకౌంట్లలో పెట్టుకునే ఒకే ఫ్యామిలీ గ్రూపులో రెండు వారాలపాటు అరువు ఇచ్చుకునే వీలుంది, మళ్లీ కొనే పని ఉండదు.

కొత్తది ఇంటికొచ్చిన రోజు నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో మాత్రం మీ కార్డు నంబరు సేవ్ చేయకండి. 50 డాలర్ల ప్రీపెయిడ్ కార్డు వేసి, అయిపోతే బాబునే వచ్చి అడగమనండి.