పొద్దు త్వరగా వాలే దీవులు: అండమాన్ ప్రయాణంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమ్మకీ నాన్నగారికీ అరవై దాటాయి. ముగ్గురం విశాఖ నుంచి ఓడలో అండమాన్ వెళ్ళాలనుకుంటున్నాం. వాళ్ళు తట్టుకోగలరా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తట్టుకోగలరు, కాకపోతే రానూపోనూ ఓడ వద్దండీ. వెళ్ళేటప్పుడు ఓడెక్కి, వచ్చేటప్పుడు విమానంలో రండి. విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. రెండు రోజులు దాటి సముద్రం మీదే ఉంటారు. ఓడ రోజూ ఉండదు, నెలకు ఒకటి దొరికితే గొప్ప. ప్రకటించిన తేదీ కూడా వాతావరణాన్ని బట్టి జరుగుతుంటుంది. అందుకే దిగాల్సిన రోజుకూ హోటల్ బుకింగుకూ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. బంక్ క్లాసంటే పెద్ద హాల్లో వరసగా బెర్తులు, అందరికీ కలిపి మరుగుదొడ్లు. పెద్దవాళ్ళకి క్యాబినే నయం. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ, దొరికితే అక్కడే అడగండి. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక అంతగా పనిచేయదు, ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. నాన్నగారికి ప్రోస్టేట్ సమస్య గానీ గ్లకోమా (కంటి ఒత్తిడి జబ్బు) గానీ ఉంటే ఆ మాత్ర పడకపోవచ్చు, డాక్టరుగారిని అడిగి తీసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు పెట్టుకోండి.

ప్రశ్న: పోర్ట్ బ్లెయిర్‌లో ఒక్క రోజే ఉంటాం. సెల్యులార్ జైలు, రాస్ దీవి రెండూ అవుతాయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అవుతాయి, పొద్దున్నే కదిలితేనే. మన గడియారం కాకినాడ దగ్గరగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే అక్కడ సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు వాలుతుంది. మనవాళ్ళు అలవాటు కొద్దీ పదింటికి బయల్దేరి, మూడో చోటికి వెళ్ళేసరికి చీకటి పడిందని బాధపడుతుంటారు. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. రాస్ ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. టికెట్ల మీద ఈ పేర్లే కనిపిస్తే కంగారు పడకండి.

ముందు అబెర్డీన్ జెట్టీ నుంచి పడవలో రాస్ చూసి రండి, పది పదిహేను నిమిషాల దారి. 1858 నుంచి 1941 దాకా బ్రిటిష్ దొరల పాలనంతా ఈ చిన్న దీవి మీంచే సాగింది. చర్చి, రొట్టెల బట్టీ, కమిషనర్ బంగళా, నాట్యశాల, అన్నీ కట్టుకున్నారు. 1941 భూకంపం దెబ్బకు దీవిని వదిలేశారు. 1942లో జపాన్‌వాళ్ళొచ్చి బంకర్లు కట్టారు. ఇప్పుడు చెట్ల వేళ్ళు ఆ ఇటుక గోడల్ని గుప్పిట్లో బిగించినట్టు పట్టుకుని ఉంటాయి. రెండు గంటలు కేటాయించండి.

జైలుకు మధ్యాహ్నం వెళ్ళండి. సోమవారం తెరుస్తారో లేదో ముందే కనుక్కోండి. 1896లో మొదలుపెట్టి 1906కు పూర్తిచేశారు. నడుమ కావలి బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు వరసలు. ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక వరస ముఖం పక్క వరస వీపుకేసి ఉంటుంది, ఖైదీకి ఖైదీ కనబడకూడదని. గది పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. తలుపు గడియ దగ్గర ఆగి చూడండి. గడియ కొస తలుపుకి దూరంగా, గోడలో తొలిచిన గూట్లోకి పోతుంది. లోపలివాడు ఊచల్లోంచి చెయ్యెంత చాపినా అందదు. పనిశాలలో నూనె గానుగ కనబడుతుంది. ఎద్దుకు బదులు మనిషిని కట్టి తిప్పించి, రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె, అంటే పదమూడున్నర కిలోలు, తీయమనేవారు. తగ్గితే కొరడా. ద్వీపాంతరవాసం అని మన పెద్దలు భయంభయంగా అన్న మాటకు అర్థం ఇక్కడే తెలుస్తుంది. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిని కూడా అండమాన్‌కే పంపారు. చీకటి పడ్డాక జరిగే ధ్వని, కాంతి ప్రదర్శన ఏ రోజు ఏ భాషలో ఉందో ముందే కనుక్కోండి.

ప్రశ్న: బారాటాంగ్ దీవికి వెళ్ళే దారిలో జరావా ఆదివాసులు కనబడతారట. పిల్లల్ని తీసుకెళ్ళవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వాళ్ళను చూడటానికైతే దయచేసి వెళ్ళకండి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలు వరసగా, పోలీసు రక్షణలో కదులుతాయి. దారిలో ఆగడం, ఫోటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం, జైలుశిక్ష పడుతుంది. ఆ నిబంధన వెనుక బలమైన కారణం ఉంది. మనకు మామూలైన రోగాలను తట్టుకునే శక్తి వాళ్ళ ఒంట్లో ఉండదు. 1999లో తట్టు సోకి జరావాలు ఎంతో అవస్థపడ్డారు. ఆ రోడ్డును మూసేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది, అయినా వాహనాలు తిరుగుతూనే ఉన్నాయి. బారాటాంగ్‌లోని సున్నపురాతి గుహల కోసమే అయినా, తెల్లవారుజామున మూడింటికి లేవడం, వందేసి కిలోమీటర్లు రానూపోనూ తిరగడం చిన్నపిల్లలకు కష్టం. ఆ రోజును నీల్ దీవికి, అదే షహీద్ ద్వీప్‌కి, ఇవ్వండి. అక్కడి రాతి వంతెన ఆటు సమయంలోనే చూడాలి. పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే నీళ్ళు తప్ప ఏమీ కనబడవు.

ప్రశ్న: హావ్‌లాక్ దీవిలో స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగున ఈత) చేసి ఆ రాత్రే పోర్ట్ బ్లెయిర్ చేరి, మర్నాడు ఉదయం హైదరాబాద్ విమానం ఎక్కవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. నీటి అడుగున ఒత్తిడికి ఒంట్లో నైట్రోజన్ కరుగుతుంది. అది బయటికి పోకముందే విమానం ఎక్కితే బుడగలు కట్టి కీళ్ళ నొప్పులు, ఒక్కోసారి పక్షవాతం దాకా పోతుంది. కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు ఆగాలి. ఇంకో చిక్కు, గాలి ఎక్కువైతే పడవలు రద్దవుతాయి. విమానానికి ముందు ఒక పూర్తి పగలు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి.

ప్రశ్న: ఒడ్డున పడున్న గవ్వలు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: తేకూడదమ్మా. చచ్చిన పగడపు ముక్కయినా సరే, విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరికితే తీసేసుకుంటారు, కేసు కూడా పెట్టవచ్చు. దుకాణంలో కొన్నవైతే అమ్మేవారి దగ్గర లైసెన్సు ఉందో లేదో చూసి, రసీదు తీసుకుని, దాన్ని సంచిలో అడుగున కాకుండా చేతిలో ఉంచుకోండి.