నాన్నగారి ఫొటో మార్చండి, 24 గంటలు ఆగకండి

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న మీ నాన్నగారు తిరుపతిలో తప్పిపోయారని రాశారు. ఆయన ఫొటో గ్రూపుల్లో అంతమందికి పంపినా ఎవరూ గుర్తుపట్టకపోవడానికి కారణం బహుశా ఆ ఫొటోనే. నిన్న కొండమీద తలనీలాలు ఇచ్చారని మీరే రాశారు, కానీ తిరుగుతున్నది నిండు జుట్టు, మీసంతో ఉన్న పెళ్లి ఫొటో. తిరుపతి బస్టాండులో గుండుతో కూర్చున్న పెద్దాయన్ని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి?

చాలామంది వదిలేసేది ఇదే. గుండు తర్వాత తీసిన ఫొటో మీవాళ్లలో ఎవరి ఫోన్లోనైనా ఉందేమో చూడండి, పక్కన మసగ్గా పడినా చాలు. దొరక్కపోతే మెసేజ్ మొదటి లైన్లోనే గుండు, ఇవాళ్టి బట్టలు, చెప్పులు, "పేరు అడిగితే చెప్పలేరు" అని రాయండి.

1. 24 గంటలు ఆగాలనే రూలేదీ లేదు. 112కి చెప్పి, తప్పిపోయిన చోటి పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. ఫిర్యాదులో డిమెన్షియా అని రాయించి మందుల చీటీ జతచేయండి, లేకపోతే అలిగి వెళ్లిపోయారనుకుంటారు.
2. ఇలాంటివాళ్లు పాత ఊరి దారి పట్టడం మామూలే. చిన్నప్పటిది పలమనేరన్నారుగా, అటు వెళ్లే బస్సుల ప్లాట్‌ఫాం దగ్గర సీసీ కెమెరా ఫుటేజీ ముందు చూపించమనండి. రైలు ఎక్కి ఉండొచ్చనిపిస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పండి, రేణిగుంట స్టేషన్లో కూడా అడగండి.
3. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో పేరు తెలియని పేషెంట్ల గురించి స్వయంగా వెళ్లి అడగండి.
4. పెద్దల హెల్ప్‌లైన్ 14567కి కూడా చెప్పండి.

అమెరికాలో తప్పిపోయిన పెద్దల కోసం ఇచ్చే సిల్వర్ అలర్ట్ ప్రకటన గురించి అడిగారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో హైవే బోర్డుల మీద కూడా వివరాలు వేస్తారు. ఇక్కడ దానికోసం చూడకుండా, ఒకరు మీరు దిగిన రూము దగ్గరే ఉండండి, ఫిర్యాదులో ఇచ్చిన నంబరు ఎంగేజ్ రాకుండా చూసుకోండి.