బాతుపిల్ల గుడ్డులో ఇరుక్కుందని తొందరపడి పెంకు ఒలవకండి

ప్రశ్న: ఇంక్యుబేటర్‌లో 40 బాతు గుడ్లు పెట్టాను. 27వ రోజు రాత్రి కొన్నింటికి చిల్లు పడింది. తెల్లారినా పిల్లలు రాకపోయేసరికి మూడింటికి పెంకు ఒలిచి బయటికి తీశాను. రెండు రక్తం కారి చనిపోయాయి. మూడోదానికి బొడ్డు దగ్గర పచ్చసొన వేలాడుతోంది. ఇంకొన్ని చిల్లు పెట్టుకుని లోపలే అతుక్కుని ఎండిపోయాయి. ఇది విటమిన్ల లోపమని, గుడ్ల మీద యాంటీబయాటిక్, విటమిన్లు కలిపి పిచికారీ చేయమని మందుల డీలరు చెప్పాడు. చేయమంటారా?

జవాబు: వద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది విటమిన్ల లోపంలా లేదు. రక్తం కారి పోయిన రెండూ మీ తొందర వల్ల పోయాయి. అతుక్కుపోయినవి తేమ చాలక పోయాయి. ఈ రెండింటికీ మందు లేదు.

కోడి లెక్క బాతుకు పనికిరాదు. కోడిపిల్ల పెంకుకు చిల్లు పెట్టాక సాధారణంగా 12–24 గంటల్లో బయటపడుతుంది. బాతుపిల్లకు 24–36 గంటలు, ఒక్కోసారి 48 గంటలు పడుతుంది. ఆ సమయమంతా అది కదలకుండా పడుకున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం పొరలోని రక్తం పిల్ల ఒంట్లోకి చేరుతుంటుంది, మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా కడుపులోకి పోతుంటుంది. ఈ రెండూ పూర్తికాకముందే మీరు పెంకు లాగేశారు.

చిల్లు పడి 24 గంటలు దాటినా కొత్తగా పగుళ్లు రాకపోతే అప్పుడు చూడండి, అప్పుడైనా చూడటమే. చేతులు సబ్బుతో కడుక్కుని, చిల్లు చుట్టూ గోరంత పెంకు మాత్రం తీసి, కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటితో తడిపిన ఇయర్ బడ్‌ను పొర మీద అద్దండి. ముక్కు రంధ్రాల్లోకి నీరు పోకూడదు. తడి తగలగానే పొర పారదర్శకంగా మారుతుంది. ఎర్రటి దారాల్లాంటి నాళాలు కనిపిస్తే అక్కడితో ఆపి గుడ్డును తిరిగి లోపల పెట్టేయండి. పిల్ల ఏదో నములుతున్నట్టు నోరు తెరిచి మూస్తున్నా పచ్చసొన ఇంకా లోపలికి పోతోందని అర్థం. 4–6 గంటలు ఆగి మళ్లీ చూడండి. చుక్క రక్తం కనిపించినా శుభ్రమైన దూదితో మెల్లగా అదిమి పట్టి ఆపేయండి.

నాళాలు పూర్తిగా పోయి పొర తెల్లగా ఉంటేనే, గుడ్డు లావు వైపు చుట్టూ పెంకును కొంచెం కొంచెంగా తీసి తలను విడిపించండి. కింది సగం ముట్టుకోవద్దు. పిల్ల తనే కాళ్లతో తన్ని బయటికి రావాలి. సన్న వైపు చిల్లు పెట్టిన గుడ్లలో పిల్ల తిరగబడి ఉంటుంది. వాటికి సాయం అవసరం పడే అవకాశం ఎక్కువ, అయినా నాళాల పరీక్ష వాటికీ తప్పదు.

ఇక అసలు సంగతి. ఫ్యాను ఉన్న మెషిన్‌లో 37.5 డిగ్రీల సెల్సియస్ వేడి, 25వ రోజు దాకా 55 శాతం తేమ ఉండాలి. 25వ రోజు నుంచి గుడ్లు తిప్పడం ఆపి తేమ 70–75 శాతానికి పెంచాలి. (మస్కోవీ బాతుకు మొత్తం 33–35 రోజులు పడుతుంది కాబట్టి చివరి మూడు రోజులకు ఈ లెక్క.) చిల్లులు మొదలయ్యాక మాటిమాటికీ మూత తీసి చూస్తుంటే తేమ ఒక్కసారిగా పడిపోయి పొర పిల్లకు అట్టలా అంటుకుపోతుంది. మీ గుడ్లలో జరిగింది బహుశా ఇదే.

తేమ మీటరు 70 చూపిస్తోంది కదా అంటారేమో. దాన్ని పరీక్షించారా? చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీరు కలిపి, మీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో 8–10 గంటలు ఉంచండి. 75 చూపాలి. ఎంత తేడా ఉంటే అంత కలుపుకునో తీసేసుకునో లెక్క చూసుకోండి. దానికన్నా నమ్మకమైంది గుడ్డు తూకం. పెట్టే రోజున పది గుడ్లకు నంబర్లు వేసి తూచండి. 25వ రోజుకు 12–14 శాతం తగ్గాలి, అంటే 70 గ్రాముల గుడ్డు 61 గ్రాముల దగ్గరికి రావాలి. అంతకన్నా ఎక్కువ తగ్గితే తేమ పెంచండి, తక్కువ తగ్గితే తగ్గించండి. గ్రాముల్లో చూపే చిన్న తక్కెడ లేకుండా మెషిన్ కొనే ప్రతి రైతుతోనూ నాకు ఇదే గొడవ.

డీలరు మాట విని పిచికారీ చేస్తే పెంకు రంధ్రాలు తడిసి క్రిములు లోపలికి పోతాయి. అవసరం లేని యాంటీబయాటిక్ వాడితే రేపు నిజంగా జబ్బు వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు. పెంకు ఎలా ఒలవాలో, ఏం కొట్టాలో మందు అమ్మేవాణ్ని అడగొద్దు.

పచ్చసొన వేలాడుతున్న పిల్ల ఇంకా బతికుంటే ఆ సొనను కోయకండి, లోపలికి నెట్టకండి. గోరువెచ్చని నీటితో తడిపిన శుభ్రమైన గుడ్డ పరిచిన చిన్న గిన్నెలో పిల్లను కూర్చోబెట్టి, బొడ్డు చుట్టూ పోవిడోన్ అయోడిన్ (గాయాలకు రాసే క్రిమినాశక మందు) అద్ది, ఇంక్యుబేటర్‌లోనే విడిగా ఉంచండి. ఆరిన పిల్లల మధ్య వదిలితే అవి పొడిచి లాగేస్తాయి. సొన సంచి పగిలినా, వాసన వచ్చినా బతకదు. అప్పుడు వెంటనే తీసేసి ఆ ట్రేను క్రిమిసంహారక మందుతో కడగండి.