ముందు వాళ్ల భోజనాల హాలు చూడు

చిట్టీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ వద్దన్నావట, అమెరికాలో ఏదో చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో ఫిజిక్సూ సైకాలజీ కలిపి చదువుతానన్నావట. "అదేం చదువే, బొమ్మలు గీయడం నేర్పుతారా?" అన్నాడు. అక్కడా లెక్కలు, కెమిస్ట్రీ, కంప్యూటర్లు అన్నీ ఉంటాయి, మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏమిటో రెండో ఏడాదిలో తేల్చుకోవచ్చు అని అరగంట క్లాసు పీకాను. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పడితే ఒట్టు. ఎంసెట్ రాయనని చెప్పే ధైర్యం మన ఇంట్లో నీకే వచ్చింది, దానికి సంతోషం. మంచులో ఒక్కదానివే ఎలా ఉంటావోనని బెంగ.

కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు, ఎస్సేలు, టీచర్ల లెటర్లు నువ్వు చూసుకుంటావు. డబ్బు సంగతి మాత్రం విను. 'నీడ్ బ్లైండ్', అంటే ఇంటి ఆదాయం చూడకుండా సీటిస్తాం, అన్న మాట చూసి మురిసిపోకు, చాలాచోట్ల అది అమెరికా పిల్లలకే. ఆమ్‌హర్స్ట్, బోడిన్ లాంటి కొన్ని కాలేజీలే విదేశీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా సీటిస్తాయి, కానీ అక్కడ సీటు రావడమే గగనం. గ్రిన్నెల్, మకాలెస్టర్, మౌంట్ హోల్యోక్ మనం ఎంత కట్టగలమో చూసి సీటు సంగతి తేలుస్తాయి, ఇచ్చాక మాత్రం లోటు భర్తీ చేస్తాయి. కెంటకీలోని బెరియా అయితే ట్యూషన్ ఫీజే తీసుకోదు, బదులుగా ప్రతి విద్యార్థీ కాలేజీలో పని చేయాలి. శ్రీసిటీలో క్రియా ఉందిగా, అంత దూరం ఎందుకని మీ అమ్మ అంటే విసుక్కోకు, అదీ లిస్టులో రాసుకో. ఎర్లీ డెసిషన్ అంటే సీటొస్తే అక్కడే చేరతానని రాసిచ్చినట్టు. నన్నడక్కుండా దానిమీద సంతకం పెట్టావంటే మాత్రం ఊరుకోను.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం. మీ బావకి కాలేజీ ఎంచింది మీ మామయ్య. పేరెందుకులే, గొప్పదే. ర్యాంకుల పట్టిక ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించి, పైనుంచి ఒక్కోటీ కొట్టేసుకుంటూ వచ్చాడు. చివరికి మిగిలిన కాలేజీ బ్రోచర్ అట్ట మీద చెట్టు కింద నలుగురు పిల్లలు, ఒక్కొక్కరు ఒక్కో రంగు, ఒకే పుస్తకంలోకి చూసి నవ్వుతున్నారు. "చూశావా, ఎంత కలివిడిగా ఉన్నారో!" అన్నాడు. సీటొచ్చిన పిల్లల్ని ఏప్రిల్‌లో పిలిస్తే వెళ్లాం. బెలూన్లు, ఫ్రీ టీషర్టులు, ఎదురుపడ్డ ప్రతి ఒక్కరూ హలో. పెళ్లిచూపుల రోజు ఏ ఇల్లయినా శుభ్రంగానే ఉంటుంది మరి. ఆ సాయంత్రమే మామయ్య డిపాజిట్ కట్టేశాడు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి బావ ఇంటికొస్తూ పక్క గది అబ్బాయిని వెంటబెట్టుకొచ్చాడు. నేపాల్ పిల్లాడు, రెండో ఏడాది. డార్మ్, అదే హాస్టల్, మూసేస్తున్నారు, ఎక్కడికి వెళ్లాలో తోచలేదట. అన్నంలో పప్పూ ఆవకాయా కలుపుకుంటూ మా బల్ల మీద బ్రోచర్ చూసి నవ్వాడు. అట్ట మీద నీలం స్వెటర్ వాడే! లైబ్రరీకి వెళ్తుంటే పిలిచి కూర్చోబెట్టి ఫొటో తీశారట, మిగతా ముగ్గురితో మళ్లీ మాట్లాడింది లేదట. మెల్లగా అడిగితే ఇద్దరూ చెప్పుకొచ్చారు. భోజనాల హాల్లో ఆటల టీముల వాళ్లు ప్రాక్టీసు అయ్యాక ఒక్కసారిగా వచ్చి కిటికీల పక్క బల్లలన్నీ నింపేస్తారు. విదేశీ పిల్లలు ట్రేలు పెట్టే చోటు పక్కన. నల్లజాతి పిల్లలు ఇంకో మూల. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు, అంతే. చిన్న కాలేజీల్లో మూడోవంతు మంది ఏదో ఒక టీములో ఉండడం మామూలే. పెద్ద యూనివర్సిటీలో ఒక గుంపు పడకపోతే ఇంకోటి దొరుకుతుంది, 1,800 మంది ఉండే చిన్న కాలేజీలో నాలుగేళ్లూ అవే మొహాలు. రెండో ఏడాది కాగానే బావ కాలేజీ మారాడు. మామయ్య మాత్రం ఇప్పటికీ "ర్యాంకు మంచిదే" అంటాడు.

అందుకే చెప్తున్నా. చాలా కాలేజీలు 'కామన్ డేటా సెట్' అని తమ లెక్కల పట్టిక వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో ఏ జాతి పిల్లలు ఎందరు, విదేశీయులు ఎందరు, మొదటి ఏడాది తర్వాత ఎంతమంది తిరిగొచ్చారు, మనలాంటి వాళ్లలో ఎందరికి డబ్బిచ్చారు, అన్నీ ఉంటాయి. ఆ లెక్కలు గేటు దాకానే పనికొస్తాయి. లోపలి సంగతి అక్కడ చదివే పిల్లల్నే అడగాలి. "మీ కాలేజీ ఫ్రెండ్లీయేనా?" అని అడగకు, అందరూ అవుననే అంటారు. నిన్న రాత్రి ఎవరితో తిన్నావు, రెండో ఏడాది రూమ్మేట్‌గా ఎవర్ని ఎంచుకున్నావు అని అడుగు. మొదటి ఏడాది జంట కాలేజీ కలిపేదే, రెండో ఏడాది వాళ్లకై వాళ్లు కుదుర్చుకునేది. థాంక్స్‌గివింగ్‌కి ఎక్కడికెళ్లావు, డిసెంబరులో డార్మ్ తెరిచి ఉంచుతారా అని తప్పకుండా అడుగు. దీనికి సరిగ్గా జవాబు చెప్పని చోటు నాకు నచ్చదు.

నన్నడిగితే ఓబర్లిన్ చూడు. 1835 నుంచే నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకున్న కాలేజీ. అక్కడి కో-ఆప్‌లలో, అంటే పిల్లలే కలిసి నడుపుకునే ఇళ్లలో, వాళ్లే వంతులేసుకుని వండుకుంటారు, గిన్నెలు తోముకుంటారు. ఉల్లిపాయలు తరిగే దగ్గర విడి బల్లలు కుదరవు కదా. మౌంట్ హోల్యోక్ ఆడపిల్లల కాలేజీ, పక్కనున్న స్మిత్, ఆమ్‌హర్స్ట్‌లలో కూడా క్లాసులు తీసుకోవచ్చు. మకాలెస్టర్ సెయింట్ పాల్ నగరంలోనే ఉంది, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ చదివింది అక్కడే. గ్రిన్నెల్ మంచిదే కానీ చుట్టూ అయోవా మొక్కజొన్న చేలు. నీకు ఒంటరిగా తోస్తుందేమోనని నా భయం. నీకేం, నువ్వు చేలల్లోనూ స్నేహితుల్ని సంపాదిస్తావు.

ఒకటి మరిచాను. మరీ చిన్నవి, చేతిలో నిధులు లేనివి మూతపడుతున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో వెల్స్ కాలేజీ 1868 నాటిది, 2024 ఏప్రిల్‌లో చెప్పి ఆ సెమిస్టర్‌తోనే మూసేశారు. వీసా మీదున్న పిల్లకి అది మామూలు టెన్షన్ కాదు. ఎండోమెంట్, అంటే కాలేజీ మూలనిధి, ఎంతుందో చూడకుండా ఏ కాలేజీ పేరూ నాకు చెప్పకు.

ఆదివారం లిస్టు పంపు, నాన్నని కూడా కూర్చోబెట్టి మాట్లాడదాం. ఎక్కడ చేరినా థాంక్స్‌గివింగ్‌కి మా ఇంటికే రావాలి, టికెట్ నేను కొంటాను. చలికోటు మాత్రం అక్కడ కొనకు, విజయవాడ కోటు ఇక్కడి జనవరికి ఆగదు. అమ్మని అడిగానని చెప్పు.

మీ అత్త