ఎనిమిది వేల మందికి మెయిల్ కొట్టే ముందు

సిరీ,

మంగళగిరి చీరలకి నువ్వు సొంత వెబ్‌సైట్ పెట్టావనీ, దసరా ముందు ఎనిమిది వేల మందికి ఒకేసారి మెయిల్ కొట్టబోతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. మొదటి మాటకి ఎంత పొంగిపోయానో, రెండో మాటకి గుండె అంత గుభేలుమంది. ఎనిమిది వేల అడ్రసులు నీకెక్కడివే? నీ దగ్గర చీర కొన్నవాళ్ళు మహా అయితే ఆరేడు వందలమంది ఉంటారు. మిగతావాళ్ళెవరని అడిగితే "ఎవరో డాలస్‌లో, అట్లాంటాలో ఉన్న తెలుగువాళ్ళ లిస్టు అమ్ముతున్నారటక్కా" అంది. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సులువైనవి ముందు చెప్పేస్తా. జీమెయిల్ అడ్రస్‌తో ఆఫర్లు పంపకు, నీ డొమైన్ నుంచే, అంటే నీ వెబ్‌సైట్ పేరుతో ఉన్న అడ్రస్ నుంచే పంపు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ డీఎన్ఎస్‌లో, అంటే నీ డొమైన్ వివరాలు రాసి ఉండే చోట, పెట్టుకో. నీ పేరు మీద ఏ సర్వర్లు పంపొచ్చో మొదటిది చెబుతుంది, రెండోది ప్రతి మెయిల్ మీదా పడే సంతకం, ఆ రెండూ నీ డొమైన్‌తో కలవకపోతే ఆ మెయిల్‌ని ఏం చెయ్యాలో మూడోది చెబుతుంది. రోజుకి 5,000కి మించి జీమెయిల్ వాళ్ళకి పంపేవాళ్ళు ఈ మూడూ పెట్టుకోవాల్సిందేనని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ రూలు పెట్టింది, ఒక్కసారి ఆ సంఖ్య దాటితే మూకుమ్మడిగా పంపేవాళ్ళన్న ముద్ర ఇక పోదు. ఇంకో మాట, ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. మెయిల్ సర్వీసు మార్చినప్పుడల్లా పాతది అలాగే ఉంచి పక్కన ఇంకోటి చేరుస్తారు, అప్పుడు రెండూ పనిచెయ్యవు. కొత్త సర్వీసు పేరు పాత రికార్డులోనే కలపాలి.

ఇదంతా ఒక పూట పని. నా భయం లిస్టు గురించి.

హైదరాబాదులో నేను పనిచేసిన ట్రావెల్ ఆఫీసు నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు స్కూల్లో ఉన్నావు. మా ఓనరు ఎవరి దగ్గరో ఒక సీడీ కొన్నాడు, దాన్నిండా మెయిల్ అడ్రసులు. ఎక్సెల్‌లో తెరిస్తే ఇన్ఫో అనీ సేల్స్ అనీ మొదలయ్యే కంపెనీ అడ్రసులే సగం, ఒకే అడ్రస్ మూడు చోట్ల, కొన్నింటికి యాహూ స్పెల్లింగే తప్పు. వేసవి సెలవుల ప్యాకేజీ అని రాత్రికి రాత్రి అందరికీ కొట్టించాడు. తెల్లారేసరికి మా ఇన్‌బాక్స్ తిరిగొచ్చిన మెయిళ్ళతో నిండిపోయింది. "పోతే పోయాయి, పదిమంది బుక్ చేసుకున్నా లాభమేగా" అన్నాడు. నిజంగానే కొందరు బుక్ చేసుకున్నారు కూడా.

దెబ్బ టికెట్ల మీద పడింది. టికెట్లు, టైము మార్పులు, రసీదులు, అన్నీ అదే డొమైన్ నుంచి వెళ్ళేవి. గుంటూరు దగ్గర పల్లెటూరి నుంచి ఒక పెద్దావిడ కూతురి పురిటికి అమెరికా బయల్దేరింది. ఫ్లైట్ ముందుకి జరిగిందని మేం పంపిన మెయిల్ ఆవిడ కొడుకు కంట పడలేదు. పాత టైము ప్రకారం శంషాబాద్ వచ్చేసరికి కౌంటర్ మూసేశారు. నేరుగా ఆఫీసుకే వచ్చారు. ఆ అబ్బాయి మా కంప్యూటర్ మీదే తన మెయిల్ తెరిచి చూపించాడు. స్పామ్ ఫోల్డర్లో, లాటరీ తగిలిందనే మెయిళ్ళ మధ్య ఉంది మాది. ఆవిడ సున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎవర్నీ ఒక్క మాట అనలేదు, "నొప్పులొచ్చేలోపు వెళ్ళగలనా అమ్మా" అని నన్నడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మా ఓనరు మళ్ళీ దసరాకి ఇంకో లిస్టు కొన్నాడు, నేను ఆ ఉద్యోగం మానేశాను.

అలా ఎందుకవుతుందో విను. స్పామ్ పంపేవాళ్ళని పట్టుకునే స్పామ్‌హాస్ లాంటి సంస్థలు ఎవరూ వాడని అడ్రసులు కొన్ని ఉచ్చుల్లా పెట్టుకుంటాయి. ఆ అడ్రస్‌కి మెయిల్ వచ్చిందంటే పంపినవాడు దాన్ని అడిగి తీసుకోలేదని అర్థం. వదిలేసిన పాత అడ్రసుల్ని కూడా కొన్నాళ్ళయ్యాక ఇలాగే వాడతారు. కొన్న లిస్టులో ఇవి చాలాసార్లు ఉంటాయి. ఇక నిజమైన మనుషులున్నా, "మనవాళ్ళేగా, చీరలంటే ఇష్టపడతారు" అనుకుంటున్నావేమో, డాలస్‌లో ఉన్న ఆవిడకి నువ్వెవరో తెలీదు, స్పామ్ బటన్ నొక్కి పనిలో పడిపోతుంది. అలా నొక్కేవాళ్ళు 0.1 శాతం లోపే ఉండాలంటుంది గూగుల్, 0.3కి అస్సలు చేరకూడదు. అంటే వెయ్యికి ముగ్గురు చాలు. ఇలా ఉచ్చుల్లో పడ్డా, ఫిర్యాదులు పెరిగినా నీ డొమైన్ మీద నమ్మకం పోయి, దాన్నుంచి వెళ్ళే మెయిళ్ళన్నీ స్పామ్‌లో పడతాయి. తర్వాత విజయవాడలో డబ్బు కట్టిన మనిషికి నీ ఆర్డర్ మెయిల్ కనిపించదు, నిన్ను మోసగత్తె అనుకుంటుంది. నాకు అది భరించరానిది.

చిన్నప్పుడు ఎగ్జిబిషన్ స్టాల్లో మీ అమ్మ పక్కన కూర్చుని, "కొత్త స్టాకొస్తే చెప్పండి" అన్నవాళ్ళ పేర్లు మాత్రమే నోట్‌బుక్‌లో రాసేదానివి, ఊరికే చూసి వెళ్ళినవాళ్ళవి రాయమన్నా రాసేదానివి కాదు. అలాంటి పిల్లవి, ఇప్పుడేమైందే నీకు?

మొదటి వారం ఈమధ్య కొన్నవాళ్ళకే పంపు, తర్వాత మెల్లగా పెంచు. కొత్తగా చేరేవాళ్ళకి ముందు ఒక మెయిల్ పంపి, అందులో లింకు నొక్కినవాళ్ళనే కలుపుకో. ఆఫర్లు ఒక సబ్‌డొమైన్ (నీ డొమైన్ పేరుకి ముందు ఇంకో మాట చేర్చిన పేరు) నుంచి, ఆర్డర్ మెయిళ్ళు వేరే సబ్‌డొమైన్ నుంచి వెళ్ళనీ. వద్దన్నవాళ్ళని ఒక్క నొక్కుతో వదిలెయ్యి, ఆ పేరు రెండు రోజుల్లో తీసెయ్యాలి. అన్‌సబ్‌స్క్రైబ్ లింకుని లేత బూడిద రంగులో దాచకు, అది దొరక్కపోతేనే స్పామ్ బటన్ నొక్కుతారు. అమెరికాకి పంపే ఆఫర్లలో నీ పోస్టల్ అడ్రస్ ఉండాలి, అక్కడి చట్టం అది.

ఇంక నీ పోస్టర్. అమ్మ వాట్సాప్‌లో పంపింది, ముచ్చటగా ఉంది, కానీ మొత్తం ఒకే బొమ్మ. బొమ్మలు లోడ్ కాకపోతే చూసేవాళ్ళకి ఖాళీ డబ్బా తప్ప ఏమీ ఉండదు. మాటలు మాటలుగానే రాయి. అలాగని నలభై చీరలు పేర్చకు, మెయిల్ కోడు 102 కేబీ దాటితే జీమెయిల్ మధ్యలో కత్తిరిస్తుంది, అడుగునున్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా దాంతోపాటే పోతుంది. ఆరు చీరలు చాలు, ఆ ఆకుపచ్చ నిజాం బార్డర్ చీర మొదట పెట్టు. ప్రమోషన్స్ ట్యాబ్‌లోకి వెళ్తే టెన్షన్ పడకు, అది స్పామ్ కాదు.

అందరికీ పంపే ముందు నాకొకటి పంపు. జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కి షో ఒరిజినల్ తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా పాస్ అని ఉండాలి, నేను చూసి చెప్తాను. ఆ లిస్టుకి డబ్బు ఇంకా కట్టకపోతే కట్టకు. కట్టేసి ఉంటే ఆ డబ్బు నేనిస్తా, ఫైలు మాత్రం ఇవాళే డిలీట్ చెయ్యి.

నీ పెద్దమ్మ