పూతుకుళి వెల అడగకు

చిరంజీవి సౌమ్యకు అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, నువ్వు మూడు నెలలు నీలగిరుల్లో ఉండి, అక్కడి గేదెలు మేపుకునే కొండజాతి వాళ్ళు తోడాల కుట్టుపని నేర్చుకోబోతున్నావని చెప్పాడు. సంతోషంతో కాసేపు నోట మాట రాలేదు. ఆ తరువాత నిద్ర రాలేదు. అర్ధరాత్రి లేచి బీరువా తీసి, అడుగు అరలో పాత పంచెలో చుట్టి ఉన్నదాన్ని ఒకసారి తడిమి, మళ్ళీ మూసేశాను. అదేమిటో నీకు ఇంతవరకూ చెప్పలేదు.

ముందు మామూలు సంగతులు. ఉన్ని బట్టలు ఎక్కువే పెట్టుకో. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారేసరికి గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. నాలుగు తమిళం మాటలైనా నేర్చుకుని వెళ్ళు. వాళ్ళ భాష వేరు, అదీ మన ద్రావిడ కుటుంబంలోదే. కానీ బయటివాళ్ళతో తమిళంలోనే మాట్లాడతారు. వాళ్ళ పల్లెను మందు అంటారు. మన 'మంద'కు చుట్టమే ఆ మాట. ఊటీ అసలు పేరు ఉదకమండలంలో దాగి ఉన్నదీ అదే.

నువ్వు కుట్టు చూడటానికి వెళుతున్నావు, కానీ ముందు గేదెలను చూడు. వంపు తిరిగిన పొడవాటి కొమ్ముల గేదెలవి, మన ఊళ్ళ గేదెల్లా ఉండవు. ఆ కొమ్ములే కుట్టులోకీ వచ్చాయి. వాళ్ళకు పాలు ఇంటి సరుకు మాత్రమే కాదు, పూజ కూడా. పవిత్రమైన గేదెల పాలకు వేరే పాల గుడి ఉంటుంది, దానికొక పూజారి ఉంటాడు. పాలు పితకడం, చిలకడం మగవాళ్ళ పని. ఆడవాళ్ళు ఆ గుడి దగ్గరకు పోరు. నీకు కోపం వస్తుందని తెలుసు, నాకూ వచ్చింది. అక్కడ వాదనకు దిగకు. వాళ్ళ ఆడవాళ్ళు దాన్ని గురించి ఏమనుకుంటున్నారో వాళ్ళే చెబుతారు, నువ్వు చెప్పించనవసరం లేదు. పెద్దవాళ్ళు ఎదురైతే చిన్నవాళ్ళు వంగి, వాళ్ళ పాదాన్ని నుదుటికి ఆనించుకుంటారు. ఆ క్షణంలో కెమెరా ఎత్తావంటే నేను ఊరుకోను.

ఇక పూతుకుళి. ఆడా మగా ఒంటి చుట్టూ కప్పుకునే ముతక తెల్ల నూలు దుప్పటి అది. బట్ట బయటి నేతగాళ్ళది, కుట్టు మాత్రం వాళ్ళ ఆడవాళ్ళది. ముందుగా గీత గీయరు, చట్రానికి బిగించరు. పోగులు లెక్కపెట్టుకుంటూ ఎర్ర దారం, నల్ల దారం నడిపిస్తారు. చూపు తప్పితే లెక్క తప్పుతుంది. అందుకే కుట్టేవాళ్ళతో మాట్లాడాలనుకుంటే వరుస పూర్తయ్యేదాకా ఆగు.

1984లో నాకు ఇరవై ఆరేళ్ళు. పాత బట్టలు సేకరించే ఉద్యోగం మీద వెళ్ళాను. ఒక మందులో పీపాను సగానికి కోసి బోర్లించినట్టుండే గుడిసెలోకి, మోకాళ్ళ మీద పాకుతూ దూరాను. తలుపు అంత చిన్నది. లోపల ఒక అవ్వ తన పెట్టె తెరిచి ఏదో వెతుకుతుంటే అడుగున ఆ పూతుకుళి కనిపించింది. అంత సన్నని కుట్టు అంతకు ముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. ఎంత అని అడిగాను. అమ్మేది కాదంది. మరునాడు మళ్ళీ వెళ్ళాను. మూడో రోజూ వెళ్ళాను. మనవడికి జబ్బు చేసి ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉందని రెండో రోజే నాకు తెలిసింది. సౌమ్యా, తెలిసే వెళ్ళాను. 350 రూపాయలు ఆమె చేతిలో పెట్టాను. ఉద్యోగం కోసం కాదు, నాకోసం. ఆమె లెక్కపెట్టుకోలేదు. దుప్పటిని మడిచి నా ఒడిలో పెట్టి, కుట్టు మీద చేయి వేసి కాసేపు అలాగే ఉంది. దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

ఇంటికి తెచ్చి గోడకు తగిలించాను. వచ్చినవాళ్ళందరికీ చూపించాను. రెండేళ్ళ తరువాత మళ్ళీ వెళితే అవ్వ లేదు. కోడలు చెప్పింది: తన చివరి ప్రయాణం కోసం అవ్వ ఎన్నో చలికాలాలు కూర్చుని కుట్టుకున్నదట అది. పోయినవాళ్ళను పూతుకుళిలో చుట్టి సాగనంపుతారు వాళ్ళు. అటు వైపు ఇంకో లోకం ఉందని, అక్కడా గేదెలు మేస్తాయని వాళ్ళ నమ్మకం. చుట్టాలు తెచ్చినవి కప్పారట, ఏ లోటూ జరగలేదట. కానీ అవ్వ కుట్టుకున్నది మాత్రం ఆ రోజు మా ఇంటి గోడకు వేలాడుతోంది. మరుసటి నెల దాన్ని పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. కోడలు తీసుకోలేదు. మజ్జిగ ఇచ్చి, పురుగు పట్టకుండా చూస్తున్నావా అని మాత్రం అడిగింది. నునుపు వైపు పైకి పెట్టి మడవడం చూసి, మెల్లగా తిప్పి మడిచింది. దారపు ముళ్ళు కనిపించే గరుకు వైపే వాళ్ళకు అసలు వైపు. అన్నాళ్ళూ నేను గోడకు తిరగేసి తగిలించానన్నమాట.

అందుకే చెబుతున్నాను, ఎవరి పెట్టెలో ఉన్నదానికీ వెల అడగకు. అమ్మడానికే కుట్టే శాలువాలు, సంచులు ఉంటాయి. 2013లో ఆ కుట్టు ఆ ప్రాంతానిదేనని భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అవి కొను, బేరమాడకు. వాళ్ళ పచ్చిక బయళ్ళు యూకలిప్టస్ తోటలై, తేయాకు తోటలై గేదెలు తగ్గిపోయాక, ఎన్నో ఇళ్ళకు ఆ సూదే ఆసరా.

నిన్ను భయపెడుతున్నానేమో. నీ చేయి నా చేయి కంటే నెమ్మదైనదని చిన్నప్పుడు నువ్వు ముగ్గు వేస్తున్నప్పుడే అనుకున్నాను. భోజనం వేళ తప్పించకు. వారానికొకసారి ఫోను చెయ్యి.

ఆదివారం నేనే వస్తాను, దాన్ని తెస్తాను. నీతో తీసుకెళ్ళు. ఆ కోడలు ఉంటే ఆమె చేతికివ్వు. వద్దంటే బతిమాలకు, అక్కడి అమ్మాయిలు ఆ కుట్టు పోగులు లెక్కపెట్టుకోవడానికి నువ్వున్నన్నాళ్ళూ దగ్గర ఉంచు. ఎండలో ఆరవేయకు. విప్పి పరిచేటప్పుడు గరుకు వైపు పైకి ఉండాలి.

మీ అత్తయ్య